మిరపకాయల తర్వాత రాగులు

ఫిల్మ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటుకు నలభై ఎనిమిది ఫ్లాట్లు. మేము చేరిన ఏడాది వాటిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వాళ్ళవి తొమ్మిది. నాలుగేళ్ళు తిరిగేసరికి ముప్ఫై ఒకటి. ఆ పిల్లలకు పిండి అంటే ప్యాకెట్టే. జూబ్లీహిల్స్‌లో ఏసీ సూపర్‌మార్కెట్ తెరిచాక పాతవాళ్ళూ అటే నడిచారు.

నేను మాత్రం కృష్ణానగర్ సందులోని పిండి గిర్నీకే వెళ్ళేదాన్ని. బోరబండ నుంచి రోజూ వచ్చిపోయే భార్యాభర్తలు దాన్ని నడిపేవారు. ఆయన మిషన్ దగ్గర, ఆమె తూకం దగ్గర. చుట్టుపక్కల జూనియర్ ఆర్టిస్టులు కిలో, రెండు కిలోలు తెచ్చేవారు. ఒకసారి పోలీసు ఖాకీలో ఉన్నాయన జొన్నల సంచితో నా వెనక నిలబడ్డాడు. షూటింగులో భోజనాలకు వదిలితే పరుగెత్తుకొచ్చాడట. అలాంటి బేరాలతో గిర్నీ నిలబడదు. మధ్యాహ్నానికే తలుపు వేసి ఉండడం వారంలో రెండుసార్లు చూశాను. మిషన్ అమ్మేసి, మాదాపూర్‌లో ఏదో ఆఫీసుకు వాచ్‌మన్‌గా పోవాలని భర్త అనుకుంటున్నట్టు ఆమె చెప్పింది.

ఆ మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. గింజలు నా చేతికిస్తే పట్టించి తెస్తానని తలుపు తలుపూ తట్టాను. పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. శనివారం శనివారం అరవై కిలోలకు తగ్గకుండా ఆటోలో వేసుకుని నేనే కొండ దిగేదాన్ని. దసరా దాకా చూద్దామని వాళ్ళాయన అన్నాడని నెల తిరక్కుండానే విన్నాను.

అయిదో శనివారం రెండు డబ్బాలు తారుమారయ్యాయి. ఒకరి గోధుమపిండి మరొకరింటికి పోయింది. ఆ రెండిళ్ళవాళ్ళూ నవ్వి ఊరుకున్నారు కాని నేను ఊరుకోలేకపోయాను. ఆ వారమంతా కూర్చుని ప్రతి డబ్బాకూ ఫ్లాట్ నంబరు చీటీ అంటించాను. ఒక ఇంటి సరుకు పూర్తిగా పట్టి, మూత పెట్టి, ఆ తర్వాతే రెండో ఇంటిది ముట్టుకోవాలని నిర్ణయించాను.

వాళ్ళకున్నది ఒకటే మిషన్. దానికొక క్రమం ఉంది. పొద్దున బియ్యం, రాగులు. తర్వాత గోధుమలు, జొన్నలు. ఆ పైన పప్పులు. అన్నిటికీ ఆఖరున మిరపకాయలు. కారం పట్టాక తట్టెడు తవుడు పోసి తిప్పి, విప్పి తుడిచి మూసేస్తారు. మరుసటి శనివారం నా చీటీలు చూసి ఆమె చేతులు ఆపేసింది.

"గిట్లొద్దమ్మా. నంబరును బట్టి గాదు, గింజను బట్టి పట్టాలె."

"గింజను బట్టి పట్టే కదా పోయిన వారం కలగాపులగం చేశారు?"

"మా బళ్ళె పంతులమ్మ గూడ గిట్లనే ఉండె," అన్నాడు భర్త, మిషన్ బెల్టు ఎక్కిస్తూ. "ఒక్కడు పాస్ గాలె."

నేను నవ్వలేదు. అరవై కిలోలు తెచ్చేదాన్ని నేను. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ఆమె మొదటి నంబరు డబ్బా మూత తీసింది. రెండువందల మూడుకు రెండు కిలోల ఎండుమిరపకాయలు. రెండువందల నాలుగుకు కిలోంబావు రాగులు. నడుమ ఆయన గుప్పెడు బియ్యం వేసి తిప్పాడు. చాలన్నాను. ఇంకా పదకొండు ఇళ్ళవి మిగిలి ఉన్నాయి.

ఆదివారం పదిన్నరకు రెండువందల నాలుగు అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చింది. ఎనిమిది నెలల పాపకు తల్లి. ఆఫీసుకు పోతూనే మూడు రోజులు రాగులు మొలక కట్టి, బాల్కనీలో ఆరబెట్టి, దోరగా వేయించి ఇచ్చింది.

"ఇది కొంచెం నాలుక మీద వేసుకుని చూడండి ఆంటీ," అంది. వేసుకున్నాను. మండింది. పాప రెండు చెంచాలు మింగి గుక్క పట్టి ఏడ్చిందట. పెదవుల చుట్టూ ఎర్రగా కందిపోయిందట.

"గిర్నీ వాళ్ళతో నేను మాట్లాడతానమ్మా," అన్నాను.

ఆ ఒక్క మాటతో నా తప్పు కొండ దిగి వాళ్ళ గుమ్మంలో పడింది. సాయంత్రానికి లిఫ్టులో అందరిదీ అదే మాట: ఆ సందుల్లో శుభ్రం ఎక్కడుంటుంది, ప్యాకెట్లే నయం. నేను పక్కనే నిలబడి అంతస్తుల అంకెలు చూస్తూ ఉండిపోయాను. సోమ, మంగళ, బుధవారాల్లో ఏ పనీ చివరిదాకా చేయలేదు. కూర మాడ్చాను. మెట్లెక్కి రెండువందల నాలుగు దాకా వెళ్ళి, కాలింగ్ బెల్ నొక్కకుండా తిరిగొచ్చాను. అలా ఐదుసార్లు. గురువారానికి పదకొండు ఇళ్ళవాళ్ళు ఈసారి డబ్బాలు పంపేది లేదని చెప్పేశారు.

ముందు గిర్నీకి వెళ్ళాను. కబురు అప్పటికే చేరింది. మా వాచ్‌మన్ భార్య చెప్పిందట.

"మరి నేనే అలా పట్టమన్నానని ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"పెద్దదానివి. నీ పేరు జెప్పి మేం మంచిగైతమా?" అంది, చేట దులుపుతూ. "నీ మాట విన్నది మేమే గద. వినకుంటే అయిపోతుండె."

ఆమె తిట్టి ఉంటే అక్కడే కాసేపు కూర్చునేదాన్నేమో. ఆటో కోసం కూడా ఆగలేదు. ఎండలో ఎత్తు ఎక్కి వచ్చేసరికి ఊపిరి అందలేదు. అలాగే రెండువందల నాలుగు బెల్ నొక్కాను. మిరపకాయల తర్వాత రాగులు పట్టించింది నేనేనని, వాళ్ళు వద్దన్నారని, గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆ అమ్మాయి పాపను భుజం మార్చుకుంది.

"ఆదివారమే ఎందుకు చెప్పలేదండీ?"

అంతవరకూ ఆంటీ అనేది. మిగిలిన పద్దెనిమిది గుమ్మాల్లోనూ అదే చెప్పాను. చెప్పే కొద్దీ తేలికవుతుందనుకున్నాను, కాలేదు. ఒకాయన టీవీ మీంచి చూపు తిప్పకుండానే విని తలుపు వేసుకున్నాడు.

శనివారం ఏడు డబ్బాలే వచ్చాయి. చీటీలు లేకుండా పట్టుకెళ్ళాను. గిర్నీ ముందు రెండువందల నాలుగు అమ్మాయి స్కూటీ ఆగి ఉంది. తనే రాగులు తెచ్చుకుని, మిషన్ దగ్గర నిలబడి ఉంది. భర్త మిషన్ విప్పి లోపలి విసురురాళ్ళు చూపిస్తున్నాడు. ఆ అమ్మాయి వంగి, వేలితో తడిమి, ఆ వేలు నోట్లో పెట్టుకుని, తల ఊపింది. అప్పుడు ఆయన బెల్టు ఎక్కించాడు.

నా ఏడు డబ్బాల్లో మూడు పప్పులవి. భార్య వాటిని గోడవారకు జరిపి, నాకు బల్ల చూపించింది.

"నీయి ఆఖరికి. జర కూసో."

కూర్చున్నాను. రాగులు పడ్డాక బియ్యం, బియ్యం తర్వాత గోధుమలు. నా ముందే మరెవరిదో గోధుమల సంచి ఇంకొకరి సంచికి ఆనుకుని ఉంది. రెండూ ఒకటే రంగు. లేచి సర్దాలని రెండుసార్లు మోకాళ్ళ మీద చేతులు ఆనించాను. రెండుసార్లూ ఆమె తూకం దగ్గర నుంచి నా వైపు చూసింది.