నాయన మాత్రల కోసం బస్సు ఆపినా

పోయిన సోమవారం నేను చేసిన ఘనకార్యం చెప్తా, నవ్వొద్దు. సరే, నవ్వుకోండి. యర్రగొండపాలెం బస్సంతా ఎట్లాగూ నవ్వింది!

మా నాయనకు ఆర్నెల్ల కింద గుండెలో స్టెంట్ వేసినారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇవి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలమ్మా. మమ్మల్ని అడక్కుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోయిందంటే మళ్లీ గుండెపోటే" అన్నాడు. అంతే, ఆరోజు నుంచి నాయనకు ఇంట్లో మనశ్శాంతి లేదు. అన్నం తింటున్నా, పేపర్ చదువుతున్నా నాది ఒకటే పాట. "నాయనా, మాత్ర ఏసుకున్నావా?"

"ఏసుకున్నా తల్లీ!"

పోయిన సోమవారం పొద్దున యర్రగొండపాలెంలో మా మేనత్తను చూసొస్తానని, రెండ్రోజులకు బట్టలు సర్దుకుని మార్కాపురం బస్టాండుకు పోయినాడు. నేను వాకిలి ఊడ్చి లోపలికొచ్చి చూస్తే, టీవీ పక్కన మాత్రల స్ట్రిప్! ఫోన్ చేస్తే, అది వంటింట్లో చార్జింగ్‌లో మోగుతా ఉంది.

స్కూటీ తీసినా. ఒంటిమీద నైటీ, దానిమీద టవల్. ఆ సంగతి కూడా చూసుకోలా! బస్టాండులో అడిగితే బస్సు ఇప్పుడే కదిలిందన్నారు. ఊరి బయట పట్టుకున్నా. హారన్ కొట్టుకుంటా, "ఆపన్నా! ప్రాణం మీదికొచ్చింది, ఆపు!" అని అరిచినా. డ్రైవర్ బెదిరిపోయి బ్రేకేసినాడు.

బస్సెక్కినా. నాయన కిటికీ పక్కనుంచి లేచి, "ఏందే సుజాతా, ఎవరికేమైంది?" అన్నాడు.

"నీకే! గుండె మాత్రలు మర్చిపోయినావు!"

ఆయన స్ట్రిప్ తీసుకున్నాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. తిప్పి తిప్పి చూసినాడు.

"ఇవి మీ అమ్మ కాల్షియం మాత్రలు కదే!"

జేబులోంచి తనవి తీసి చూపించినాడు. "టిఫిన్ తినంగనే ఏసుకున్నా. రేపటికీ ఎల్లుండికీ పెట్టుకున్నా."

వెనక సీట్లో అవ్వ ఒకామె చెయ్యి చాపింది. "కాల్షియమైతే ఇటియ్యి తల్లీ, మోకాళ్లు లాగుతున్నాయి."

బస్సు గొల్లుమనింది! కండక్టర్ అందుకున్నాడు. "పెద్దాయన గుండె బాగానే ఉందక్కా. మా డ్రైవర్ గుండె ఒకసారి చూపించాల!"

తల దించుకుని దిగబోతుంటే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మాత్ర మర్చిపోతే ఏమయ్యేదో ఏమో గానీ, నువ్వు బస్సు పక్కన స్కూటీ తోలేది చూసి నా గుండె ఆగినంత పనైంది. నిదానంగా పో" అన్నాడు. అన్నాడు గానీ చెయ్యి వదలడే! చివరికి కండక్టరే విడిపించినాడు.

నిన్న కూరగాయలు తెచ్చుకుందామని రోడ్డు దాటుతున్నా. చెయ్యి కూడా ఎత్తలా, ఒక బస్సు వచ్చి నా ముందర ఆగింది. అదే కండక్టర్ తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా అడిగినాడు:

"అక్కా, ఈరోజు ఎవరి మాత్రలు?"