పెద్దమామగారి రాత్రి భోజనం

అత్తవారింటి పరువును ఒక్క రాత్రిలో కాలవలో కలపబోయిన కోడలు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనే. వంట చెడగొట్టి కలపబోయినదాన్ని కాదు. వంట బ్రహ్మాండంగా చేసి కలపబోయాను. అలాంటి కోడలు ఈ గోదావరి రెండు ఒడ్డులూ వెతికినా ఇంకొకర్తె దొరకదని నా గట్టి నమ్మకం.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఇలా రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా తడబడితే నవ్వుకోండి గాని మధ్యలో లేచిపోకండి.

అప్పటికి మా వైపు ఇంకా రైలు రాలేదు. ఎక్కడికి వెళ్ళాలన్నా కాలవ మీద పడవే గతి. మా అత్తవారిల్లు కాలవ గట్టు మీద, పడవల్ని ఆపి వదిలే లాకుకి కేక దూరంలో ఉండేది. రాత్రిళ్ళు పడవ వస్తే, లాకు తలుపులు తియ్యమని సరంగు కొమ్ము ఊదేవాడు. ఆ కూత నీళ్ళ మీదుగా సాగి సాగి, మంచు పట్టిన వరిచేల మీదికి ఎక్కడికో పోయేది. కాపరానికి వచ్చిన కొత్తలో అది వింటూ పడుకుంటే మంచం కూడా మెల్లగా కదిలిపోతున్నట్టుండేది. మా ఆయన రాజమండ్రిలో చదువు. ఇంట్లో అత్తగారు, మామగారు, నేను.

ఇక అసలు సంగతి. మా మామగారికి ఒక అన్నగారు. ఇద్దరివీ పక్క పక్క ఇళ్ళు. మా పెరట్లో మొలిచిన గుమ్మడి పాదు వాళ్ళ పాక మీదికి పాకి అక్కడ కాసింది. వేరు మాదని తమ్ముడు, కాయ మాదని అన్న. ఇద్దరూ మీసాలున్న మనుషులే! మా మామగారు కాయ కోసుకున్న రోజున పెద్దమామగారు నడివీధిలో నిలబడి, "నీ ఇంట్లో ఇక పచ్చి మంచినీళ్ళు ముడితే ఒట్టు" అన్నారట. అని ఊరుకోలేదు. పెట్టేబేడా పడవకెత్తి, పెద్దత్తగారి పుట్టిల్లు సామర్లకోట దగ్గర ఉంటే అక్కడికి వెళ్ళి స్థిరపడిపోయారు. ఇదంతా నేను రాకముందే.

నేను కాపరానికి వచ్చిన ఏడు వానాకాలంలో మా మామగారికి జ్వరం వచ్చి చావు తప్పి బయటపడ్డారు. ఆ కబురు ఎవరు మోశారో గాని, మంచు పడే రోజుల్లో ఒకనాడు ఒక పడవవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అన్నగారు రేపు రాత్రికి దిగుతారండి. తమ్ముణ్ణి ఒకసారి చూసి పోతానన్నారు. మంచినీళ్ళు మటుకు ముట్టరంటండి. అదీ చెప్పమన్నారు."

మామగారు ఆ మాట విని నవ్వబోయారు, నవ్వు రాలేదు. కండువాతో మొహం తుడుచుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అత్తగారు మాత్రం నడుం బిగించారు. "చూడమ్మాయ్, వాళ్ళు రాత్రి పొద్దుపోయి దిగుతారు. పగలంతా ఎండ, ఆ పైన మంచు, పడవలో కాళ్ళు ముడుచుక్కూచుని నడుం పడిపోయి వస్తారు. అలాంటి మనిషి ముందు పొగలు కక్కే అన్నం, మిరియాల చారు, ఇంత నెయ్యి, మీగడ పెరుగు పెట్టామనుకో. ఎంత పంతమైనా ఆ పొగకి కరిగిపోవాల్సిందే. అంతకన్నా ఏమీ వద్దు."

"అయ్యో, ఉత్త చారేంటండీ అత్తయ్యా! అన్నేళ్ళకి వస్తుంటే?"

"ప్రయాణం చేసొచ్చిన కడుపే అది. చారే దానికి అమృతం."

"గుత్తివంకాయ చేస్తానండీ. గారెలు. పనసపొట్టు కూర. బూరెలు కూడా..."

"పెళ్ళనుకున్నావా?"

"నాలుగే బూరెలండీ."

"నీ ఇష్టం. ఆ గుమ్మడి వడియాల డబ్బా మటుకు అటక మీదనుంచి దించకు. గుమ్మడి మాట ఈ ఇంట్లో వినపడకూడదు. వాళ్ళు రాగానే నన్ను లేపు."

మీకు చెప్పుకోవడానికేం, నా ఆలోచన వేరు. పెద్దమామగారి పంతం నా చేతి వంటకే విరగాలి. లాకు దగ్గర నలుగురూ, "ఆ కోడలు పెట్టిన బూరె తిన్నాకే కదండీ అన్నదమ్ములు కలిశారు" అనుకోవాలి. అంచేత తెల్లారకుండా మొదలుపెట్టాను. రుబ్బాను, తరిగాను, వేయించాను. నాలుగు బూరెలు అన్నదాన్ని, పళ్ళెం మీద గుట్ట పోసేదాకా ఆగలేదు. సాయంత్రానికి నా చేతులు నావి కావు, పక్కింటివాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

పొద్దుపోయింది. పడవ రాలేదు. లాకు దగ్గరికి వెళ్ళొచ్చిన మామగారు, "ఈ రాత్రికి ఇక రారులే, తెల్లారే దిగుతారు" అని నీరసంగా పడుకున్నారు. అత్తగారు కూచునే తూగుతున్నారు.

"మీరు పడుకోండి అత్తయ్యా, కొమ్ము వినపడగానే లేపుతాను."

"లేపుతావుగా?"

"లేపకుండా ఉంటానా అండీ!"

ఎంత భరోసాగా అన్నానో!

ఇల్లంతా నిద్రపోయింది. వెన్నెల వచ్చి అరుగు మీద పిండి ఆరబోసినట్టు పరుచుకుంది. కప్పల గోల ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎక్కడో నిద్రలోంచి వినిపిస్తున్నట్టుంది. అలాంటప్పుడు కొమ్ము కూసింది. కాసేపటికి గుమ్మంలో ఇద్దరు. చుట్ట వాసన, తడి కంబళి వాసన. పెద్దమామగారు తాటిచెట్టంత పొడుగు. వెనకే పెద్దత్తగారు, చిన్న మూటలా.

నేను అత్తగారిని లేపలేదు. ఎందుకు లేపుతాను? గెలుపు పంచుకోవాలి కదా! కాళ్ళకి నీళ్ళిచ్చాను, సావిట్లో పీటలు వేశాను, ఆకులు వేశాను. తలుపు చాటు నుంచి, "ఒక్క నిమిషమండీ, వేడిగా అన్నం వండి వడ్డిస్తాను" అన్నాను. పెద్దమామగారు ఔననలేదు, కాదనలేదు. కూచున్నారు. పంతంలో సగం అప్పుడే విరిగినట్టే!

వంటింట్లోకి పరిగెత్తి ఎసరు పెట్టాను. పొయ్యి ముందు పీట మీద కూచున్నాను. ఎసరు సన్నగా పాట అందుకుంది.

తరవాత జరిగింది ఏం చెప్పను! అన్నం మల్లెమొగ్గల్లా విచ్చుకుంది. వడ్డిస్తుంటే పొగ మెలికలు తిరుగుతూ దూలాల దాకా వెళ్ళింది. నెయ్యి వంపుతుంటే చిన్న గిన్నెలోది ఎంతకీ అయిపోదు, సన్నని కాలవలా పారుతూనే ఉంది. ఆకులు నీళ్ళ మీద తేలుతున్నట్టు మెల్లగా ఊగుతున్నాయి. దీపం నీడ అనుకున్నాను. నేను తలుపు చాటున కాకుండా పెద్దమామగారి ఎదురుగానే నిలబడి, "ఇంకో బూరె వేసుకోండి" అంటున్నాను. ఆయన చంటిపిల్లాడిలా నవ్వుతూ, "వెయ్యమ్మా వెయ్యి. మీ ఇంట్లో గుమ్మడి వడియాలు లేవా?" అని అడిగారు. అటక దానంతటదే కిందికి వంగి డబ్బా నా చేతికిచ్చింది. ఆయన వడియం నములుతుంటే చేలల్లో కంకులన్నీ గలగలమన్నాయి. అంత నిండుగా, అంత చల్లగా నా జన్మలో ఎన్నడూ అనిపించలేదు.

మీరు నాకంటే తెలివైనవాళ్ళు, ఈపాటికి పట్టేసే ఉంటారు. నేను మాత్రం పట్టలేదండీ!

కళ్ళు తెరిచేసరికి కాకులు అరుస్తున్నాయి. పొయ్యి పక్కనే గోడకానుకుని ఉన్నాను. వడ్డన అయ్యాక అలిసి కునుకు తీశాను కాబోలనుకున్నాను. అత్తగారు పెరటి గుమ్మంలోంచి వస్తూ, "రాలేదన్నమాట రాత్రి" అన్నారు.

"రాకపోవడమేంటండీ! వచ్చారు, తిన్నారు, సావిట్లో పడుకున్నారు."

అత్తగారు గోడ పట్టుకున్నారు. "తిన్నారా? బావగారు? మనింట్లో?"

"కడుపారా తిన్నారండీ! బూరెలు మారు అడిగారు. ఆ పైన గుమ్మడి వడియాలు నోరు తెరిచి అడిగి మరీ వేయించుకున్నారు."

ఆ చివరి మాట వెనకే ఉన్న మామగారి చెవిన పడింది. "అన్నయ్య గుమ్మడి అడిగాడా?" అన్నారు. "అన్నయ్య... అడిగాడా?" అంటూనే కళ్ళు తుడుచుకుని, జ్వరం తరవాత అంత చురుగ్గా నడవడం నేను చూడలేదు, గబగబా సావిట్లోకి వెళ్ళిపోయారు.

అత్తగారు ఆనందంగా వంటింట్లోకి అడుగుపెట్టారు. నేను మెచ్చుకోలు కోసం ఒద్దికగా తలొంచుకుని నిలబడ్డాను. మూత తీసిన చప్పుడు. ఇంకో మూత.

"అమ్మాయ్."

"ఏమండీ అత్తయ్యా?"

"బావగారు రాత్రి తిన్న అన్నం ఏ గిన్నెలో వండావే?"

చూశాను. ఎసట్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. కడిగిన బియ్యం పక్క గిన్నెలో నాని ఉబ్బి ఉన్నాయి. పొయ్యిలో బూడిద. బూరెల గుట్ట మీద ఒక్క బూరె కదలలేదు. తల ఎత్తాను. అటక మీద డబ్బా బూజు పట్టి అక్కడే ఉంది.

"అత్తయ్యా... నేను వడ్డించానండీ... నెయ్యి కూడా..."

"కలలో వడ్డించావే తల్లీ! పీటల మీద కూచోబెట్టి కలలో వడ్డించావు!" అత్తగారు అరవలేదు. గుసగుసగా అన్నారు. అదే ఎక్కువ భయం వేసింది. "ఒట్టు పెట్టుకున్న మనిషి మెత్తబడి ఆకు ముందు కూచుంటే, ఎండిన ఆకు చూపించి ఆకలితో పడుకోబెట్టామే! ఇప్పుడాయన పడవెక్కితే మళ్ళీ ఈ గడప తొక్కుతారా?"

ఇద్దరం తలుపు చాటుకి పరిగెత్తాం. ఆలస్యమైపోయింది. మా మామగారు అప్పటికే అన్నగారి ఎదురుగా చతికిలబడి ఉన్నారు.

"అన్నయ్యా, రాత్రి బాగా తిన్నావటగా! అడిగి మరీ తిన్నావటగా!"

పెద్దమామగారు అప్పుడే లేచి కూచున్నట్టున్నారు. పక్కన రాత్రి వేసిన రెండు ఆకులు అంచులు ముడుచుకుని ఎండి ఉన్నాయి. వాటి వంక చూశారు. పెద్దత్తగారు నోరు తెరవబోయారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎవరు చెప్పారు?"

"మా కోడలు. గుమ్మడి వడియాలు కూడా అడిగావటగా అన్నయ్యా! నేనే మూర్ఖుణ్ణి. ఆ కాయ ఆ రోజే నీ గుమ్మంలో పెట్టి ఉంటే పోయేది."

భూమి చీలితే బాగుండుననిపించింది. మా నేల మెత్తటి ఒండ్రు కదా, ఆ మాత్రం చీలకూడదా? చీలలేదు.

పెద్దమామగారు తమ్ముడి వంక చూశారు. జ్వరానికి చిక్కిపోయిన మెడ, తడిసిన కండువా అంచు, అన్నీ చూశారు. గొంతు సవరించుకున్నారు.

"ఊఁ. తిన్నాను."

అత్తగారు నా చెయ్యి నొక్కిన నొక్కుడు ఇప్పటికీ గుర్తుంది.

"వడియాలే కాస్త మెత్తబడ్డాయి" అన్నారాయన. "ఎండలో పెట్టమను. సరే, ఒట్టెలాగూ రాత్రే పోయిందిగా. ఒకసారి తిన్నవాడికి మళ్ళీ తినడానికి సిగ్గేంటి? ఆకు వెయ్యమనరా. ఉన్నదేదో పెట్టమను. త్వరగా!"

ఆ "త్వరగా" అన్నప్పుడు మటుకు ఆయన గొంతు కొంచెం పీలగా వచ్చింది.

ఆయన ఆకలికి అన్నారో, తమ్ముడి మొహం చూసి అన్నారో, తలుపు చాటున చస్తున్న నా మీద జాలికి అన్నారో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను. అత్తగారు నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తానే అన్నం వండారు, మిరియాల చారు కాచారు. నేను అటకెక్కి బూజు డబ్బా దించాను. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూచుని, ఒకరి ఆకులోంచి ఒకరు వడియాలు తీసుకుంటూ తిన్నారు. గుత్తివంకాయ వంక చూసినవాళ్ళు లేరు. చారు మటుకు మూడుసార్లు పోయించుకున్నారు. పొద్దుటెండలో ఆ పొగ అచ్చం రాత్రిలాగే మెలికలు తిరుగుతూ పైకి వెళ్ళింది.

పెద్దత్తగారికి విడిగా వడ్డిస్తూ, "తప్పైపోయిందండీ, నన్ను లేపలేకపోయారా?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

"లేపబోయానమ్మా. 'అడిగి తింటామా?' అని ఆయన పడనివ్వలేదు. తెల్లార్లూ కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు." ఆవిడ ముద్ద మింగి, నా వంక జాలిగా చూసి, మెల్లగా అన్నారు. "అమ్మాయ్, ఈ రాత్రి కూడా నువ్వే వడ్డిస్తావా? అయితే ముందే చెప్పు. రాత్రిదీ ఇప్పుడే తినేస్తాను."

అంచేత ఈ కాలవ సాక్షిగా, నా పొయ్యిలో నిప్పు సాక్షిగా, చదువుతున్న మీరందరూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చుట్టం ఆకు ముందు కూచున్నాక నేను ఎక్కడా కూచోను, గోడకి ఆనుకోను, ఎసరు పాట వినను. "వాళ్ళు తిన్నారా?" అని ఎవరైనా అడిగితే ముందు ఎంగిలాకు చేత్తో పట్టుకొచ్చి చూపిస్తాను. ఆ తరవాతే నోరు తెరుస్తాను.