కోతపండుగ బల్ల మీద కరెంటు పెట్టె

ఆ రోజుల్లో ప్రొద్దుటూరులో కరెంటు పోతే నాకు కోపం వచ్చేది కాదు. ఉన్నప్పుడే వచ్చేది. ఊరందరూ ఫ్యాను తిరుగుతోందా లేదా అని చూసేవాళ్ళే గాని, ఆ వచ్చే కరెంటు ఎంత మురికిదో ఎవరికీ పట్టేది కాదు. ఇరవై నాలుగేళ్ళవాణ్ణి, ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు నేర్పేవాణ్ణి, నేనొక్కణ్ణే ఆ మురికిని రెండు చెవులతో వింటూ పళ్ళు కొరుక్కుంటూ బతికేవాణ్ణి. (కోపం పాపమని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పేది కూడా నేనే. చెప్పేటప్పుడు మాత్రం నెమ్మదిగానే చెప్పేవాణ్ణి.)

ఆ కోపానికి కారణం మా అమ్మ పాట. జమ్మలమడుగు దాటినాక ఉంది మా ఊరు. అక్కడి గుడిలో (చర్చిని మేము గుడి అనే అంటాం) అమ్మ గొంతెత్తితేనే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళట. నాకు ఊహ తెలిసేనాటికి అమ్మ మెడలో గడ్డ లేచింది, ఆపరేషన్ అయింది, గడ్డతోపాటు ఆ గొంతూ పోయింది. తర్వాత మిగిలింది ఒక బొంగురు మాట, అంతే. ఆరాధనలో అందరూ పాడుతుంటే అమ్మ పెదవులు మాత్రం కదిపేది. పక్కన నిలబడి అది చూసినప్పుడల్లా నాకు ఎవరిమీదో తెలియని మంట పుట్టేది. దేవునిమీద కోపపడకూడదు కాబట్టి డాక్టరుమీద కోపపడేవాణ్ణి. ఒకరోజు గుడి బీరువాలో పాత క్యాసెట్టు ఒకటి దొరికింది. ఏదో పండుగనాడు అమ్మ ఒంటరిగా పాడిన పాట, రెండు చరణాలు. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాను. పాత ఆంప్లిఫయరు ఒకటి, నడుమెత్తు స్పీకర్లు రెండు సంపాదించి ప్రొద్దుటూరులో నా అద్దె గదిలో పెట్టాను. అమ్మను పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టాను. నీ గొంతు నువ్వే విను అని స్విచ్ వేశాను.

వినిపించింది గుర్రుమనే మోత. దాని మీద చిటపటలు. వాటి అడుగున ఎక్కడో, గోనెసంచి కప్పుకున్నట్లు, అమ్మ. పాట అయినాక అమ్మ గోడవైపు చూస్తూ, "బాగుంది నాయనా" అంది. ఆ మర్యాద నన్ను నరికేసింది. అబద్ధమాడని మనిషి నాకోసం అబద్ధమాడింది.

మోతకు కారణం కింది గదిలో ఉంది. అక్కడ వెల్డింగు షాపు. నడిపేది కువైటు నుంచి తిరిగొచ్చిన ఒక సాయిబు, ఆ వీధికంతా మామ. ఆయన ఒక గేటుకు నిప్పు అంటించాడంటే నా స్పీకర్లు పొయ్యిమీది ఆవాలయ్యేవి. నేను మెట్లు దిగివెళ్ళి, సాయంత్రం ఒక గంటసేపు ఆపమని అడిగాను. అడిగాను అంటున్నాను గాని, నిజానికి అరిచాను. ఆయన ముఖానికి అడ్డుపెట్టుకున్న నల్లద్దం పలక పైకెత్తి నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు.

"ఏందప్పా, నీ పాట కోసరం నా పొయ్యి ఆర్పాల్నా? నీ డబ్బాకు నా మిషను మింద ఏం పగ?"

ఎదుటివాడి మాట న్యాయమైనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువగా వస్తుంది. పైకొచ్చి తలుపు గట్టిగా వేశాను. ఆ దెబ్బకు గడియ ఊడిపోయింది. దాన్ని బిగించింది కూడా ఆ మామే.

అప్పుడు తెలిసింది నాకు పవర్ రీజనరేటరు అనే పెట్టె గురించి. స్టెబిలైజరు కాదది. స్టెబిలైజరు కరెంటును హెచ్చుతగ్గులు కాకుండా చూస్తుందంతే. ఇది గోడలోంచి వచ్చిన కరెంటును నమ్మనే నమ్మదు. దాన్ని ముందు చదును చేసి, ఆ సరుకుతో మచ్చలేని కొత్త కరెంటును తానే తయారుచేసి స్పీకర్లకు పంపుతుంది. లోకాన్ని నమ్మని ఆ గుణం నాకు బాగా నచ్చింది. మా బడి సైన్సు సారు మాత్రం, "కరెంటుకు నీళ్ళు పోసి తల దువ్వుతావా అప్పా" అని పదిమందిలో నవ్వాడు. ఆయనతో నెలరోజులు మాట్లాడలేదు. మద్రాసులో ఎవరో వాడిన పెట్టె అమ్మకానికి ఉంటే, ఉన్నదంతా ఊడ్చి తెప్పించాను. కడప బండంత బరువుంది.

వచ్చినరోజే స్విచ్ వేసి ఉంటే ఈ కథ లేదు. కాని మా ఇళ్ళలో ఒక పద్ధతుంది. సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, గుడికి తీసుకెళ్ళి ముందర బల్ల దగ్గర పెట్టాలి, పాస్టరు అయ్యగారు చెయ్యిపెట్టి ప్రార్థన చేయాలి, తర్వాతే వాడుకోవాలి. అమ్మకు ఫోనులో, ఒక సామాను కొన్నాను, ఏమిటో తర్వాత చూస్తావులే అన్నాను. ప్రార్థన కాకుండా ముట్టుకోవద్దని అమ్మ గట్టిగా చెప్పింది. సరే, ఆదివారం పొద్దున్నే దాన్ని బస్సెక్కించాను. (కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. ఆయనమీదా కోపమే.) ఊళ్ళో దిగేసరికి ఆరాధన మొదలైపోయింది. వంగి వంగి లోపలికెళ్ళి, బల్లమీద ఖాళీ ఉన్నచోట పెట్టెను దించి, వెనక్కొచ్చి కూర్చున్నాను. అప్పుడు చూశాను, దాని పక్కన గుమ్మడికాయలున్నాయి. శెనగకాయల మూటలున్నాయి. కాళ్ళు కట్టేసిన కోడిపుంజు ఒకటి నా పెట్టెవైపే చూస్తోంది.

ఆరోజు కోతపండుగ. నేను మరిచిపోయాను. మామూలు ఆదివారం బల్ల దగ్గర పెట్టినది ప్రార్థన తర్వాత మనదే. కోతపండుగనాడు పెట్టినది దేవునిది. మధ్యాహ్నం దాన్ని గుడిముందర వేలం వేస్తారు.

లేచి చెప్పాలనుకున్నాను. సగం లేచాను కూడా. అప్పుడే అయ్యగారు, పొలంలేని పిల్లవాడు కూడా తన పని తాలూకు ప్రథమఫలం తెచ్చాడు చూడండి అని నన్ను లేపి నిలబెట్టారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆడవాళ్ళవైపు చూస్తే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. దేవునికిస్తామన్నదాంట్లో కొంత దాచుకున్న మొగుడూపెళ్ళాలు అక్కడికక్కడే చచ్చిపడిన బైబిలు కథ నేను ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. మెల్లగా కూర్చున్నాను. కోపం మాత్రం కూర్చోలేదు. అయ్యగారిమీద, గుమ్మడికాయలమీద, అందరికన్నా ఎక్కువగా పండుగ తారీఖు మరిచిన నామీద.

వేలంలో ఆ పెట్టె ఏమిటో ఎవరికీ తెలియలేదు. ఫ్రిజ్జుకు పెట్టేదని ఒకరు, ఎక్సురే మిషనని ఒకరు. నా జేబులో ఉన్నదానికంతా నేనే మొదటి మాట అన్నాను. ఇచ్చినోడే మళ్ళా కొంటాండాడు, ఎంత భక్తి అని వెనకనుంచి మెచ్చుకున్నారు. ఆ భక్తిని ఒక్కమాటతో కొట్టేసింది చీనీతోట మామ. అమ్మకు పెదనాన్న కొడుకు, పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది, పండుగకని వచ్చాడు. లోవోల్టేజీకి పెద్ద స్టెబిలైజరు దొరికిందని సంతోషంగా జీపులో వేసుకుని పోయాడు. ఆ జీపు దుమ్ములో నేను నిలబడిపోయాను.

వారం తిరక్కముందే ఆ మామ ఫోను చేసి నన్ను తిట్టాడు. ముద్దనూరు మీదుగా పులివెందులకు వెళ్ళాను. తోటలో తొట్టికి నీళ్ళెక్కించే మోటారును దానికి తగిలించాడట. మోటారు వేయగానే ఎర్రలైటు వెలిగి పెట్టె నిద్రపోతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ నిద్ర. నేను గేటు దాటకముందే మొదలుపెట్టాడు.

"ఏమిరా, దేవునికి కుంటిగొర్రెను ఇస్తారా ఎవురన్నా? పనికిరాని సామాను బల్ల మింద పెట్టి చప్పట్లు కొట్టించుకుంటివే, సిగ్గుండాల్నా వద్దా?"

అన్నాళ్ళూ అదిమిపెట్టిందంతా అక్కడ పేలింది. అది మోటార్ల పెట్టె కాదని, పాటల పెట్టె అని, నేను దాన్ని ఇవ్వనేలేదని, ప్రార్థనకు పెడితే మీరంతా కలిసి అమ్మేశారని, అమ్మ గొంతు ఒక్కసారన్నా తేటగా అమ్మకు వినిపించాలని కొన్నానని, చెట్లమీది పిట్టలు లేచిపోయేటట్లు అరిచాను. మామ తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మా చెల్లెలి పాట యాడిది నీకాడ?" అన్నాడు. చెప్పాను. మామ పనివాళ్ళను పిలిచి పెట్టెమీది దుమ్ము తుడిపించాడు. "నేను దుడ్లు దేవునికిచ్చినా, వెనక్కి అడగను. ఈ పెట్టె మా చెల్లెలికిస్తాండా. నీకు గాదు. ఆ నోరు కొంచెం తగ్గించుకో" అన్నాడు. దాంతోపాటు ఒక మూట చీనీకాయలు కూడా వేశాడు. బస్సులో ఆ మూటను ఒళ్ళో పెట్టుకుని, జరిగిందంతా అయ్యగారికి ఫోనులో ఒప్పుకున్నాను. ఆయన నవ్వాపుకోలేక ఫోను పక్కన పెట్టేశారు.

అమ్మ మళ్ళీ వచ్చింది. అదే కుర్చీ. కింద వెల్డింగు మామ ఏదో కిటికీకి నిప్పు అంటిస్తూనే ఉన్నాడు, వెలుగు మెట్లమీద పడుతోంది. నేను స్విచ్ వేశాను. మోత లేదు. చిటపటల్లేవు. గదిలో అమ్మ గొంతు ఒక్కటే నిలబడింది. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా, పరాయిదాని గొంతు విన్నట్లు వింది. రెండో చరణం దగ్గరకొచ్చేసరికి, ఇన్నాళ్ళూ మోత కింద దాగిన ఇంకొక చప్పుడు బయటపడింది. ఎవరో పసిపిల్లవాడు. మామూలు ఏడుపు కాదు, ఒళ్ళంతా కోపం చేసుకుని ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు పెరిగి పెరిగి అమ్మ గొంతును మింగేస్తోంది. చరణం చివర పాట ఆగిపోయింది.

ఇంత కష్టపడి మురికంతా కడిగితే, ఇది కడగలేనిది.

"ఎవురమ్మా ఆ పిల్లోడు? వాని నోరు మూసేవాళ్ళే లేకపాయిరా ఆడ?"

అమ్మ నావైపు తిరిగింది. ఆ బొంగురు గొంతులోంచి నవ్వు రావడం అప్పుడే విన్నాను.

"మూసేదానికే గదా నాయనా, మూడో చరణం ఇడిసిపెట్టి దిగొస్తి. పాలకు ఆగితివా నువ్వు?"

అమ్మే మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. రెండోసారి అమ్మ తన గొంతు వినలేదు. తల పక్కకు వంచి ఆ ఏడుపే వింది.

ఇప్పుడు నాకు పెళ్ళయింది, కోపం సగానికి తగ్గిందని నా నమ్మకం. పెట్టె ఇంకా పనిచేస్తోంది. అప్పుడప్పుడూ ఆ పాట పెట్టుకుంటాను. రెండో చరణం వచ్చేసరికి మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, గొంతేమీ మారలేదు మీది అంటుంది. ఆ మాటకు మాత్రం నాకు కోపం రాదు. వాల్యూము కాస్త పెంచుతాను.