జేపీజీలో ఒళ్లు చేసిన పెళ్లికొడుకు

నేను సన్నగా ఉన్న రోజులు కూడా కొన్ని ఉండేవంటే మా పాప నమ్మదు. ఆ రోజుల్లో జమ్మికుంట పత్తి యార్డులో ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో గుమాస్తాగా చేసేవాణ్ణి. గాలి వీస్తే పత్తితో పాటు నేనూ ఎగిరిపోతానని హమాలీలు నవ్వేవాళ్లు. అన్నీ కుదిరాయనుకున్న సంబంధాలు నా ఫోటో చేరగానే చప్పబడేవి. "పిలగాడు మంచోడే గని, ఒంట్ల జర బాగుండదా ఏంది?" అని అడిగేవాళ్లు (నాకు జ్వరం వచ్చి ఏళ్లయింది). మా అమ్మకు, అంటే అవ్వకు, అదే దిగులు.

అట్లాంటప్పుడు ఇచ్చోడ నుంచి ఒక సంబంధం వచ్చింది. బావ (అక్క భర్త, దిట్టమైన మనిషి) అప్పుడే కొన్న ఖరీదైన ఫోన్‌తో, మా ఇంటి గోడ గడియారం కింద నన్ను నిలబెట్టి ఫోటో తీసి పంపాడు. కాసేపటికి అమ్మాయి తండ్రి ఫోన్ చేశాడు. "ఫోటో వచ్చింది గని ఓపెన్ అయితలేదు." ఆ ఫోన్ ఫోటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో దాస్తుందట, మామూలు ఫోన్లలో అవి తెరుచుకోవట. జేపీజీగా మార్చే వెబ్‌సైట్లు ఉంటాయని విని, వెతికి, ఒకదాంట్లో ఎక్కించాను. వెడల్పు, ఎత్తు అని రెండు గళ్లు కనిపించాయి. ఖాళీగా వదిలేసినా నడిచేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం శ్రద్ధగా రెండింట్లోనూ ఒకే అంకె కొట్టాను. నిలువు ఫోటో కాస్తా చదరంగా దిగింది. అందులో నేను బుగ్గలు నిండి, భుజాలు విరిసి, ఎవరో మోతుబరిలా ఉన్నాను. ఏదో తేడా వచ్చిందని మళ్లీ చేయబోతుంటే అవ్వ ఫోన్ లాక్కుంది. "అబ్బ! గిప్పుడు మనిషి లెక్క కనబడ్తున్నవ్ బిడ్డా. గిదే పంపు." అవ్వ మాట కాదనడం మా ఇంట్లో లేదు (నిజానికి నాకూ కాదనాలని లేదు). పంపాను. మర్నాడే రమ్మని కబురొచ్చింది.

ఇచ్చోడలో అమ్మాయి తండ్రి గుమ్మంలోనే బావ చేయి పట్టుకుని తీసుకెళ్లి నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు మూలన స్టూలు దక్కింది. మొదటి చాయ్ బావకే. అమ్మాయిని కూడా బావకు ఎదురుగానే కూర్చోబెట్టారు. ఆమె తలెత్తి చూసింది మాత్రం నా వైపు. నా మనసు అక్కడే పడిపోయింది. ఈ సంబంధం తప్పిపోతే ఎట్లా అని స్టూలు అంచుకు జరిగాను. "మరి బాబుకు పత్తి పని ఇష్టమేనా?" అని ఆయన బావను అడిగాడు. నోటినిండా మిక్చర్ ఉన్న బావ చేతులు ఊపాడు. అక్క ఇక ఆగలేకపోయింది.

"అయ్యో, గాయన నా పెనిమిటి!"

"మరి ఫోటోల పిలగాడేడి?"

నేను బళ్లో హాజరు పలికినట్టు చెయ్యెత్తాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఫోటోల ఒకలు, ఇంటికొచ్చింది ఒకలా? గిదేం మోసం?" అంటూ లేచి నిలబడ్డాడు. రెండు గళ్ల సంగతి చెప్పబోయాను గానీ, అది నాకే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు ఆ అమ్మాయే తన తండ్రి ఫోన్ అందుకుని ఆ ఫోటో తీసి చూపించింది.

"బాపూ, పైన గడియారం సూడు. కోడిగుడ్డును పండవెట్టినట్టున్నది. మోసం చేసెటోడైతే గడియారాన్నన్న సక్కగ ఉంచకపోవునా? ఫోటో వచ్చిననాడే నాకు ఎరుకైంది. అసలు మనిషి ఎట్లుంటడో సూద్దామనే రమ్మనమన్న."

ఆయన ఫోన్‌ను దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత కూర్చుని, ఒక చాయ్ కప్పు నా స్టూలు వైపు జరిపాడు.

మొన్న ఆదివారం మా ఆవిడ అదే గడియారం కింద నన్ను నిలబెట్టి ఫోటో తీసింది. చూసుకున్నాను. నిండు బుగ్గలు, విరిసిన భుజాలు. అచ్చం ఆనాడు ఇచ్చోడకు పంపిన మనిషే.

"రెండు గళ్లల్ల ఒకటే అంకె కొట్టినవా ఏంది?" అన్నాను.

"గడియారం సూడున్రి" అంది.

గుండ్రంగానే ఉంది.