'గ్రామస్తులు' అని రాయొద్దు

స్కానర్ మూత ఎత్తితే వేడెక్కిన పాత కాగితం వాసన వస్తుంది. ఇప్పుడు నేను భూపాలపల్లిలో వేరే ఆఫీసులో పనిచేస్తున్నాను. అయినా ఆ వాసన తగిలిందంటే జనగామ గ్రంథాలయం, అక్కడి లైబ్రేరియన్ వనజ మేడమ్ గుర్తొస్తారు. పాత పత్రికలు, ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా పేరు కొడితే దొరికేలా చేసే పనికి ఆమె నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. అదంతా ఉత్త టైపు పనేననుకున్నాను నేను.

మొదటి గొడవ కొడకండ్లలో తీసిన ఒక బావి తవ్వకం ఫొటోతో వచ్చింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషుల పేర్లన్నీ కింద అచ్చయి ఉన్నాయి. వెనక పలుగూ పారా పట్టుకుని నిలబడ్డవాళ్లకు మాత్రం 'గ్రామస్తులు' అని ఒకే మాట. నేనూ అదే కొట్టాను. మేడమ్ చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ఆమె కళ్లద్దాలు తీశారంటే నాకు మూడినట్టే.

"ఏంది తమ్మీ, ఎవలన్న వాళ్ల తాతను 'గ్రామస్తులు' అని దేవులాడుతరా?"

"నెలాఖరుకల్లా పని అయిపోవాలె మేడమ్. లేకుంటే నా కాంట్రాక్టు పోతది."

"దాని సంగతి నేను సూసుకుంట. పేర్లు లేకుంటే ఈ ఫొటో ఉన్నా లేనట్టే. నడువు, కొడకండ్ల బస్సున్నది."

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. ఊళ్లో నలుగురి పేర్లు తేలిగ్గానే దొరికాయి. తలపాగా మనిషి దగ్గరే చిక్కొచ్చింది. ఒక ముసలామె, "గీయిన మా నాయిన ఎంకయ్య" అంది. పక్కింటాయన, "కాదు, మా తాత రాజయ్య" అన్నాడు. పోల్చి చూద్దామంటే ఆ రెండిళ్లలోనూ వాళ్ల ఫొటో ఒక్కటీ లేదు. మాటా మాటా పెరుగుతుంటే మేడమ్ ఇద్దరి చేతిలోనూ చెరో ప్రింటు పెట్టి బయటపడ్డారు.

"రెండు పేర్లూ ఎక్కియ్యి" అన్నారు తిరుగు బస్సులో.

"అండ్ల ఒకటి తప్పే గద మేడమ్?"

"రెండిండ్లోళ్లు గిట్ల చెప్పిన్రని పక్కన రాయి. తేల్చెటందుకు మనమెవలం? దేవులాడొచ్చినోళ్లు ఉట్టి చేతులతోని పోవద్దు."

మొండితనం అనుకున్నాను. గడువు దాటింది. మేడమ్ పై ఆఫీసు చుట్టూ తిరిగి నా కాంట్రాక్టు పొడిగించుకొచ్చారు. ఫొటోలు ఇంటర్నెట్‌లోకి ఎక్కిన కొన్నాళ్లకు ఆ ముసలామె మనవడు ఫోన్ చేశాడు. "ముత్తాత పేరు కొడితే ఫొటో వచ్చింది సార్. మా అవ్వ ఫోన్ ఇడుస్తలేదు." ఆ మాట చెబితే మేడమ్ మళ్లీ కళ్లద్దాలు తీశారు, ఈసారి తుడుచుకోవడానికి.

రిటైరై ఏడాది తిరక్కముందే ఆమె పోయారు. ఇప్పటికీ ఏ గ్రూపు ఫొటో చూసినా నా కన్ను మొదట వెనక వరుసకే పోతుంది. మొన్న ఉండబట్టలేక ఆ సైటులో ఆమె పేరు కొట్టాను. ఏమీ రాలేదు. ఆ సైటు ప్రారంభోత్సవం నాటి ఫొటో తెరిచాను. ముందు అతిథులు, అందరికీ పేర్లు. వెనక దండల పళ్లెంతో మేడమ్, పక్కన నేను, మాకు చాయ్ తెచ్చే మల్లయ్య. కింద 'సిబ్బంది' అని ఉంది. ఊరూరా తిరిగి పేర్లు వెతికిన మనిషి తన పేరు చూసుకోలేదు. నాకు చాలా బాధేసింది.

వెంటనే జనగామకు ఫోన్ చేసి, ఇప్పుడు ఆ పని చూస్తున్న అమ్మాయికి ముగ్గురి పేర్లూ చెప్పాను.

"ఎక్కిచ్చిన సార్. ఇగ కొట్టి సూడుండ్రి."

వనజ అని కొట్టాను. మేడమ్ వచ్చారు, దండల పళ్లెం పట్టుకుని.