అన్న తెచ్చిన హార్డ్ డిస్క్

మా అన్న ఆ హార్డ్ డిస్కును తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకుని కొత్తకోటలో బస్సు దిగాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను పెట్టుకున్న కంప్యూటర్ దుకాణంలోకి ఆయన రావడం అదే మొదటిసారి. నాకు బిడ్డ పుడితే రాలేదు. మా మామ పోతే ఫోన్ చేసి ఊరుకున్నాడు. డిస్కు చెడిపోతే మాత్రం వచ్చాడు.

అందులో మా నాన్న, బాపు, తయారుచేసిన చీరల డిజైన్లున్నాయి. ఆలేరు దగ్గర మా పుట్టిల్లు మగ్గం ఇల్లు. నూలుకు ముందే కట్లు కట్టి రంగుల్లో ముంచి, నేసేటప్పుడు బొమ్మ తేలేలా చేయడం మా పని. ఆ బొమ్మంతా ముందు గ్రాఫ్ కాగితం మీద గడి గడికీ లెక్కతో ఉండాలి. బాపుకు చూపు తగ్గాక ఆయన చెబుతుంటే గళ్లు నింపింది నేను. పెళ్లై వచ్చేటప్పుడు ఒక్క కాపీ అడిగాను.

"నీ అత్తగారోళ్లదీ మగ్గం ఇల్లే. ఆడివిల్లకిస్తే మన డిజైన్ వాళ్లకిచ్చినట్టే," అన్నాడు అన్న. బాపు తల వంచుకుని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

బాపు పోయాక అన్న కాగితాలన్నీ స్కాన్ చేయించి, ఎవరైనా ఎత్తుకుపోతారని పొయ్యిలో పెట్టాడు. డిజైన్ బయటపడితే దాన్ని బట్ట మీద అచ్చేసి చవగ్గా అమ్మేస్తారని మా వాళ్లందరికీ భయం. ఆ భయం ఉత్తది కాదు. కానీ కాగితం కాల్చినవాడు రెండో కాపీ పెట్టుకోవద్దా? రెండుంటే ఒకటి బయటికి పోతుందట.

"హైదరాబాద్ల ఎవలకన్న ఇయ్యకపోయినవా?" అన్నాను.

"బయటోళ్లు కాపీ కొట్టుకోరా? నువ్వంటే ఇంటిదానివి."

డిజైన్ అడిగినప్పుడు పరాయిదాన్ని, డిస్కు పోయినప్పుడు ఇంటిదాన్ని. ఒళ్లు మండింది. అయినా వైరు తగిలించాను, అన్న మొహం చూసి కాదు, ఆ గళ్ల కోసం.

లోపల టక్ టక్ మంటోంది. విండోస్‌లో పెడితే కంప్యూటరే బిగుసుకుపోయింది. పెన్ డ్రైవ్ పెట్టి విండోస్ బదులు లైనక్స్‌తో కంప్యూటర్ నడిపాను. ఇలాంటి డిస్కును తెరిచి ఫైళ్లు వెతకకూడదు. కదిపినకొద్దీ అది ఇంకాస్త పాడవుతుంది. ముందు చదవగలిగినదంతా ఉన్నదున్నట్టు వేరే డిస్కులోకి తోడాలి. మొరాయించే చోట్లను చివరికి వదిలి, వెతుకులాటంతా ఆ కాపీలో పెట్టుకోవాలి. లైనక్స్‌లో అందుకో కమాండ్ ఉంది. అది కొట్టి కూర్చున్నాను.

"గా ఏనుగుల అంచు ఒక్కటి తెరిచి సూపెట్టరాదు, పానం నిమ్మలమైతది," అన్నాడు.

"సప్పుడు మొదలైనంక ఇంట్ల ఎన్నిమాట్ల తెరిచినవ్?"

"దినాం తెరిచిన. ఉన్నయా పోయినయా అని."

డిస్కు సగం ప్రాణం ఆయనే అట్లా తీశాడు.

సాయంత్రానికి చాలావరకు వచ్చాయి. గీతలు బాపువి, పక్కన అంకెలు నా చిన్నప్పటి చేతిరాత. అన్న ముందు ఏడవడం ఇష్టంలేక లేచి నీళ్లు తాగొచ్చాను. తామరపువ్వుల చీర ఒక్కటే రాలేదు. ఎంతసేపు తిప్పినా డిస్కులో ఆ చోటు పలకలేదు. బాపు చివరగా చెప్పింది, నేను నింపింది అదే.

అన్న కొత్త డిస్కు కొనుక్కొచ్చుకున్నాడు. వచ్చినవన్నీ అందులోకి ఎక్కించాక, "నీ దాంట్ల ఉన్నయి తుడిచెయ్యి చెల్లె," అన్నాడు.

"ఉండనియ్యి అన్నా. గిదీ పోతే?"

"నీ మీద నమ్మకం లేక కాదు. మీ ఇంట్ల గూడ మగ్గం నడుస్తాంది గదా."

ఆయన నా భుజం మీదుగా తొంగి చూస్తుంటే అన్నీ తుడిచేశాను. తెర ఖాళీ అయ్యేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు.

సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగాడు. "తామరపువ్వులది నువ్వే గదా నింపినవ్. యాదికుంటె జర గీసియ్యరాదు."

ఏ రేకు ఏ గడిలో మొదలై ఎక్కడ మలుపు తిరుగుతుందో బాపు గొంతుతో సహా నాకు గుర్తుంది.

"యాదికి లేదు అన్నా," అన్నాను.

ఆయన నమ్మాడు. చీకటి పడుతోందని గబగబా బస్టాండుకు వెళ్లిపోయాడు.