చేద వేయని నుయ్యి

ఇంటి వెనక ఎవరివో సమాధులున్నాయని ఇల్లు కొన్నప్పుడు అమ్మకి చెప్పలేదు. చెబితే నా పురిటికి విమానం ఎక్కేది కాదు. ఇక్కడ అమెరికాలో షాంటిలీ ఊరు దాటి పడమటికి వెళ్తే ఒకప్పటి పొలాలన్నీ ఇప్పుడు మాలాంటి వాళ్ల ఇళ్లే. ఈ పొలం తాలూకు రైతు మాత్రం మా కంచె అవతల, ఇనప కటకటాల మధ్య, పెళ్లాం పిల్లలతో సహా పడుకుని ఉన్నాడు. రాళ్ల మీది పేర్లు సగం అరిగిపోయాయి. బిల్డర్ ఆ ముక్క వదిలేసి చుట్టూ ఇళ్లు కట్టేశాడు. "ఇంత క్వైట్ నైబర్స్ ఎక్కడ దొరుకుతారు?" అని మావారు జోకేశారు. నాకు నవ్వు రాలేదు.

కంచెకి ఇవతల, మా పెరట్లోనే, ఒక గుండ్రటి పెద్ద రాయి నేలలోకి సగం దిగబడి ఉండేది. దాని పక్కన నేల కాస్త పల్లం. చలికాలంలో పెరడంతా మంచు పరుచుకున్నా ఆ పల్లంలో మాత్రం గుండ్రంగా కరిగిపోయి గడ్డి కనిపించేది. మావారికి చూపిస్తే, కింద ఏదో పైప్ పోతూ ఉంటుందన్నారు. అప్పటికి నేను నిండు నెలలతో ఉన్నాను. నా గోల నాకుంది.

అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. కిటికీలోంచి సమాధులు చూసి నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టింది. "పచ్చి బాలింత ఉండాల్సిన కొంపేనా ఇది? బుద్ధుందా మీకు?" అని వంటింటి కిటికీకి పాత చీర అడ్డం కట్టింది. పాప పుట్టిన వారానికి పెరట్లోకి వెళ్లి ఆ రాయి చూసింది. అంతే, మొహం వెలిగిపోయింది.

"ఒసేయ్, ఇది నూతి మూతే! ఆ రైతు వాళ్ల నుయ్యి. ఇక్కడే చేద వేయించేస్తాను నీ చేత!"

మా వైపు బాలింత ఇరవై ఒకటో రోజు దాకా నూతి దగ్గరికి వెళ్లకూడదు. ఆ రోజు తలంటుకుని, నూతికి పసుపు రాసి బొట్లు పెట్టి, నానబెట్టిన శనగలు పెట్టి, చేద వేసి నీళ్లు తోడాలి. ఆ తర్వాతే ఇంటి పనుల్లోకి రావాలి. అమెరికాలో ఎవరికి నుయ్యి ఉంది నా మొహం? అందరూ సింక్‌లో బకెట్ పెట్టి, కుళాయికి ఇంత బొట్టు పెట్టి కానిచ్చేస్తారు. నాకు అదీ దండగే అనిపించేది. కానీ అమ్మ చెవిన వేసుకుంటేనా! ఆ రోజు నుంచీ రాయి చుట్టూ కడిగి ముగ్గులు పెట్టడం మొదలుపెట్టింది.

అలాగే రోజూ పొద్దున్నే పాపకి నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, పెరట్లో లేత ఎండలో పడుకోబెట్టేది. చాప వేసింది ఆ పల్లంలోనే. "ఇక్కడ గడ్డి చూడు, పరుపులా ఎంత మెత్తగా ఉందో" అనేది. నిజమే, అడుగేస్తే కాలు కొంచెం దిగేది. ఎండ ఎక్కువైతే పక్కనే నేనూ చున్నీ అడ్డం పట్టుకుని కూర్చునేదాన్ని. మూతేసిన నూతికి ఆ పట్టింపు లేదని అమ్మే తేల్చేసింది. అక్కడ కూర్చున్నప్పుడల్లా ఒక చల్లని తడి వాసన వచ్చేది. పాపకి మాత్రం అక్కడే మంచి నిద్ర పట్టేది.

ఇరవై ఒకటో రోజు శనివారం పడింది. అమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, శనగలు పెట్టుకుని నిలబడింది. పాప చాప మీద నిద్రపోతోంది. మావారు గునపం రాయి కింద దూర్చి, చెమటలు కక్కుతూ పైకి లేపి పక్కకి దొర్లించారు. కింద మట్టి, నాలుగు వానపాములు. నుయ్యీ లేదు, గొయ్యీ లేదు.

"అయ్యో రాత!" అంది అమ్మ. నాకు లోపల్లోపల సంతోషమే వేసింది, ఇక లోపలికి పోయి పడుకోవచ్చని.

అప్పుడే కంచె అవతల నుంచి ఒక కేక వినపడింది. రోడ్డు చివర ఉండే ముసలావిడ, సమాధుల దగ్గర గడ్డి కోయడానికి వచ్చినట్టుంది, చేతిలో కత్తెర ఉంది. చలికాలమంతా కూతురి దగ్గర ఉండి వారం క్రితమే తిరిగొచ్చింది. ఆ రైతు ఆవిడకి ముత్తాత అని ఒకసారి చెప్పింది.

"ఆ రాయి ఎందుకు కదిపారు? అది ఆమె గుర్తు!" అంది ఇంగ్లిష్‌లో.

ఎవరి గుర్తో మాకు అర్థం కాలేదు. కింద నుయ్యి ఉందనుకున్నామని మావారు సారీ చెప్పారు.

"నుయ్యి దాని కింద కాదు, పక్కన. పైన బల్లలు పరిచి మట్టి కప్పారంతే. పొలం అమ్మేటప్పుడు మా అన్నయ్య బిల్డర్‌కి చెప్పాడే! పూడ్చలేదా?" అంటూ వేలు చూపించింది. ఆ వేలు చూపించిన చోట నా బిడ్డ పడుకుని ఉంది.

మావారు పరిగెత్తబోయారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, కానీ వేలు చూసింది, నా మొహం చూసింది. పళ్లెం కింద పడేసి ఆయన చొక్కా పట్టుకు లాగింది.

"బాబూ, అడుగు వెయ్యకండి! మీ బరువుకి ఆగదు!"

అమ్మ గడ్డి మీద బోర్లా పడుకుంది. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులని మూలిగే మనిషి పాములా పాకి, చెయ్యి చాచి, చాప అంచు అందుకుంది. మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా, లాక్కుంటూ వచ్చింది. పాప నిద్ర కూడా చెడలేదు. నా చేతుల్లోకి వచ్చాక నేను ఏడ్చిన ఏడుపుకి ఉలిక్కిపడి లేచి అదీ ఏడుపందుకుంది.

తర్వాత మావారు దూరం నుంచి గునపం విసిరారు. మట్టిలో గుచ్చుకుని ఒక్క క్షణం నిలబడింది. ఉన్నట్టుండి కనపడకుండా పోయింది. కాసేపటికి అడుగు నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది.

ముసలావిడ మా వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతూ మిగతాది చెప్పింది. ఆ రైతు అడవి కొట్టి, గోధుమ వేసి, ఆ నుయ్యి తనే తవ్వుకున్నాడట. సమాధుల్లో ఉన్నది రెండో భార్య. మొదటి భార్య ప్రసవించిన కొన్నాళ్లకే, మొగుడు మిల్లుకి వెళ్లిన రోజున, నీళ్లకని వెళ్లింది. గట్టు విరిగింది. అతను తిరిగొచ్చేసరికి బకెట్ లేదు, భార్య లేదు, గడ్డి మీద పసిపిల్ల ఏడుస్తోంది. తాళ్లు కట్టుకుని దిగబోతే గోడలు కూలుతూనే ఉన్నాయి. పైకి తీయలేకపోయారు. ఆమె మొహం మీద మట్టి పోయడానికి అతనికి మనసొప్పలేదు. అందుకే పూడ్చకుండా బల్లలు పరిచి, పక్కన ఆ రాయి పెట్టాడు.

"ఆ పసిపిల్ల మా నాయనమ్మ" అంది ముసలావిడ. "తొంభై ఏళ్లు బతికింది. మమ్మల్ని ఎత్తుకుని ఆడించింది. కానీ ఏనాడూ గడ్డి మీద కాలు పెట్టలేదు. చర్చికి వెళ్లినా రాళ్ల బాట మీదే నడిచేది."

నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ, "పచ్చి బాలింతకి ఇన్ని నీళ్లు తోడిపెట్టే దిక్కు లేకపోయిందే, తల్లీ!" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈ ఆచారాలెందుకని అమ్మతో ఇరవై రోజులు పోట్లాడిన నేనే లేచి మళ్లీ పళ్లెంలో పసుపు, కుంకుమ సర్దాను.

నుయ్యి పూడ్చడానికి ట్రక్కు వచ్చిన రోజు అమ్మ దూరంగా నిలబడి పసుపు, కుంకుమ, గుప్పెడు శనగలు ఆ గుంతలోకి విసిరింది. ముసలావిడ పక్కనే తల వంచుకుని నిలబడింది. రాయిని మళ్లీ దాని చోట పెట్టించాం.

ఇప్పుడు పాపకి నడక వచ్చింది. ఇల్లంతా పరుగులు పెడుతుంది, అద్దాల తలుపు దగ్గర నిలబడి పెరటి వైపు వేలు చూపించి గోల చేస్తుంది. "లోడ్ల కొద్దీ రాళ్లు పోయించాం, ఇంకేం భయం?" అంటారు మావారు. "దించవే పాపం" అని అమ్మ వీడియో కాల్‌లో రోజూ పోరుతుంది. రేపు దించుతాననే చెబుతాను. ఇంతవరకూ దాని పాదానికి గడ్డి తగల్లేదు.